నడిమి పట్టీ

కువైట్‌లో, ఎగైలాలో ఒక మాల్ కింది అంతస్తులో నల్ల గుడారం వేశారు. లోపల తివాచీ, దిండ్లు, ఇత్తడి కాఫీ కూజా, కూజా కింద ఎర్ర బల్బు పెట్టి చేసిన ఉత్తుత్తి నిప్పు. పిల్లలు వరసగా కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. నేను చెప్పులు కొనడానికి వెళ్ళాను. అంగడివాడు చెప్పిన ధరకు మొహం చిట్లించి, వెనక్కి పిలుస్తాడని మెల్లగా నడుస్తూ బయటికొచ్చాను. పిలవలేదు. మాల్‌లో ఎవరూ వెనక్కి పిలవరన్న సంగతి నాకు ఇప్పటికీ ఎక్కదు. అట్లా నడుస్తూ గుడారం ముందు ఆగాను.

చెయ్యి దానంతటదే వెళ్ళి గుడ్డను పట్టుకుంది. అంగళ్ళలో పెరిగినవాణ్ణి, బట్ట కనబడితే వేళ్ళ మధ్య నలిపి చూడకుండా ఉండలేను. ఒక చివర నలిపాను. కొంచెం జరిగి ఇంకోచోట నలిపాను. అంతా ఒకే వయసు. పట్టీలన్నీ ఒకేరోజు పుట్టాయి.

గుడారం అట్లా పుట్టదని నాకు చెప్పిన ముసలామె ఒకామె ఉండేది.

ఆమె పేరు నాకు తెలియదు. కాలనీ అంతా, పెద్దామెను పిలిచే మర్యాదతో, హజ్జా అనేది, నేనూ హజ్జా అన్నాను. ఆమె నన్ను హిందీ అనేది, అంటే ఇండియావాడని. నా పేరు చెప్పి చూశాను గానీ, ఆమె దాన్ని నోట్లో వేసుకుని, రుచి నచ్చనట్టు తిరిగి ఇచ్చేసింది.

జహ్రా దాటాక, ఎడారి మొదలయ్యే చోట సర్కారు కట్టించిన కాలనీ అది. ఇళ్ళన్నీ ఒకే మూసలో పోసినట్టుండేవి. మేకలతో ఒంటెలతో ఎడారిలో తిరిగే బదూలను తెచ్చి వాటిలో పెట్టారు. కాలనీ మొదట్లో మా కఫీల్‌ది, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానిది, బకాలా, మన భాషలో చిల్లర అంగడి. నడిపేది నేను. ప్రొద్దుటూరులో మా నాయన అంగడి, చిన్నాయన అంగడి, మేనమామ అంగడి ఒకే వరసలో ఉండేవి. బేరమాడడం నాకు ఎవరూ నేర్పలేదు, నడక ఎవరూ నేర్పనట్టే.

హజ్జా అంగడికొస్తే కావలసింది వెంటనే అడిగేది కాదు. ముందు మా అమ్మ ఎట్లుందని అడిగేది. తర్వాత మా మేకలు ఎట్లున్నాయని. మాకు మేకలు లేవు. మా ఇంట్లో నాలుగు కాళ్ళున్నది గల్లాపెట్టె కింది బల్ల ఒక్కటే. ఆ మాట చెప్పినప్పుడల్లా, చావు జరిగిన ఇంటికి పలకరింపుకు వచ్చినట్టు కూర్చునేది. కొన్నాళ్ళకు ఆ జాలి భరించలేక, ఉన్నాయన్నాను. ఎన్ని అంది. నోటికొచ్చింది చెప్పాను. ఇక అక్కణ్ణుంచి నాకు అంగడితోపాటు మంద కూడా తగులుకుంది. ఒకదానికి కుంటు వచ్చింది. ఇంకొకటి ఈనింది. నేను మరిచిపోయినా ఆమె మరిచేది కాదు. కుంటు మేక కాలికి ఏం పూయాలో చెప్పి, కొన్నాళ్ళాగి, నయమైందా అని అడిగింది. అయిందన్నాను. ఆ సంతోషంలో చక్కెర ఎక్కువ కొంది. నేను బరువు సరిగానే తూచాను, అంతవరకే నా నిజాయితీ.

ఆమెది ఎడారి అరబ్బీ, నాది అంగడి అరబ్బీ. అయినా ఆమె మాట నా చెవిలో పడేసరికి ఎందుకో మా ఊరి మాటయ్యేది. నాకట్లాగే గుర్తుంది, అట్లాగే రాస్తున్నాను.

ఇల్లు సర్కారు ఆమె కొడుక్కు ఇచ్చింది. అతను సైన్యంలో లారీ డ్రైవరు. వాళ్ళకు పౌరసత్వం కాగితాలు లేవు, సైన్యంలో పనిచేస్తున్నందుకు ఇల్లు దొరికింది. గదులు, వంటగది, కుళాయి, తలుపు. వాటిలో హజ్జాకు కుళాయి నచ్చింది. తలుపు నచ్చలేదు. దాన్ని ఊడదీయించి, ఇటుకల మీద పడుకోబెట్టి, మేకలకు దానిమీద మేత వేసేది. తలుపు మూసుంటే వచ్చినవాడు ఆకలితో తిరిగిపోతాడని అంది. గదుల్లో మేకలుండేవి. ఆమె వాకిట్లో తన గుడారం వేసుకుని దాంట్లో ఉండేది. కాలనీలో మేకలూ నిషేధమే, గుడారమూ నిషేధమే.

దానికోసం పట్నం నుంచి ఒక అధికారి వచ్చేవాడు. బయటిదేశంలో చదివొచ్చిన మనిషి, మంచివాడే. ముందు మా అంగడిలో చల్లటి సోడా తాగుతూ, వీళ్ళకు బతకడం మొదట్నుంచీ నేర్పాలి, ఫలితం వచ్చే తరానికి గానీ కనబడదు అని నాతో చెప్పుకునేవాడు. కొనేవాడు ఏమన్నా అవునని తలాడించడం నాకు అలవాటు. గ్యాస్ పొయ్యి మీద వంట చేసి చూపించడానికి ఒక టీచరమ్మను కూడా తీసుకొచ్చాడు. టీచరమ్మ వండిందంతా హజ్జా తిని, బాగుంది, మళ్ళీ రా అని చెప్పి పంపింది.

ఒకసారి గుడారం పీకెయ్యమని చెప్పడానికి ఆయన ఆ గుడారంలోకే వెళ్ళి కూర్చున్నాడు. హజ్జా కాఫీ పోసింది. వాళ్ళ కప్పు చిన్నది, అడుగున గుక్కెడు పోస్తారు. చాలనుకుంటే కప్పును వేళ్ళతో అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకుండా ఇస్తే మళ్ళీ పోస్తారు. ఆయన చదువులో ఆ ఊపడం ఎక్కడో జారిపోయింది. తాగి ఇస్తాడు, ఆమె పోస్తుంది. మర్యాదకు తాగుతాడు, ఆమె పోస్తుంది. నేను చక్కెర మూట దించడానికి వెళ్ళి చూస్తే, నుదుటిమీద చెమటతో కూర్చుని ఉన్నాడు, ఫైలు విప్పనేలేదు. కాఫీ నడుస్తుండగా పనిమాట ఎత్తకూడదన్నది మాత్రం గుర్తున్నట్టుంది. చూడలేక, ఆమె వెనక నిలబడి ఉత్తచెయ్యి ఊపి చూపించాను. ఆయన ఊపాడు. లేచి వెళ్ళిపోయాడు. కుదిరే బేరాన్ని చెడగొట్టినవాణ్ణి చూసినట్టు హజ్జా నన్ను చూసింది.

ఆ రోజే గుడారం గుడ్డ నలిపి, ఎన్నేళ్ళదని అడిగాను. గుడారానికి వయసుండదంది. మేకబొచ్చు వడికి పొడవాటి పట్టీలు నేస్తారు, పక్కపక్కన పెట్టి కుడతారు. ఎండా గాలీ నడిమి పట్టీనే ముందు తింటాయి. అందుకని ఏటా కొత్త పట్టీ నేసి నడుమ వేస్తారు. పాతవి పక్కలకు జరుగుతాయి. అంచుకు చేరినదాన్ని విప్పి మేకపిల్లల కింద పరుస్తారు. ఆమె గుడారం అంచున ఉన్నది ఆమె తల్లి నేసిన పట్టీ. నడుమ ఉన్నది కాలనీకి వచ్చిన ఏడాది ఆమె నేసింది. తర్వాత నేయలేదు. దాచిపెట్టిన కాసిని మేకల బొచ్చు పట్టీకి చాలదు. ఏటా కత్తిరించింది గోనెసంచిలో వేసుకుంటూ ఉంది. నడిమి పట్టీలోంచి చుక్కలు చుక్కలుగా వెలుతురు పడుతోంది. దాన్ని వేలితో చూపించింది.

ఆ ఏడాది, అంటే తొంభైలో, ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది.

వేసవికి బయటిదేశం పోయిన మా కఫీల్ అక్కడే ఉండిపోయాడు. సైనికులు అంగడికొచ్చి ముందు సిగరెట్లు తీసుకున్నారు, తర్వాత బిస్కెట్లు, ఆ తర్వాత కౌంటరు మీది ఫ్యాను. ఫ్యానుకు నేను బేరమాడబోయాను కూడా. తుపాకీ ఉన్నవాడితో బేరం తొందరగా తెగుతుంది. హజ్జా మేకల్ని కూడా తోలుకుపోయారు, బొచ్చు సంచిని లారీలో కూర్చోవడానికి మెత్తగా ఉంటుందని తీసుకుపోయారు. ఆమె కొడుకు యూనిఫారం పొయ్యిలో కాల్చేసి, మేకలు పోయిన గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మర్నాడు హజ్జా అంగడికొచ్చింది. మా అమ్మ ఎట్లుందని అడిగింది. మేకలు ఎట్లున్నాయని అడిగింది. బాగున్నాయన్నాను.

"బాగుంటాయి," అంది. "ఆడ సైన్యం లేదు గదా."

అంగడి వెనక గదిలో మేం కొందరం చేరాం. రాయచోటి టైలర్ మస్తాన్, అతని భార్య, చంటిబిడ్డ. ఇంకా సక్కుబాయి. ఆమె రాయచోటి వైపే ఒక సుగాలి తాండా మనిషి, సిటీలో ఒక ఇంట్లో పనిచేసేది. వాళ్ళ మామా, అంటే ఇంటి యజమానురాలు, పిల్లల్ని తీసుకుని సౌదీకి పారిపోతూ, ఇల్లు జాగ్రత్తని తాళాలు ఈమె చేతిలో పెట్టింది. ఇల్లు మేం చూసుకుంటామని సైనికులు ఈమెను బయటికి పంపారు. ఆ తాళాలు ఇంకా కొంగుకే ఉన్నాయి.

బస్సులో బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు, అక్కణ్ణుంచి విమానం. దారి అదీ. ముందు పోయినవాళ్ళ కబురు వెనక్కి వచ్చింది. సరిహద్దుల మధ్య ఇసుకలో జనాన్ని ఆపేస్తున్నారు, ఎన్నాళ్ళని లేదు. నీళ్ళ లారీ వస్తోంది. నీడ లేదు. చంటిపిల్లలు ఆగడం లేదు. మస్తాన్ భార్య ఆ మాట విని బిడ్డ మొహం మీదికి కొంగు లాక్కుంది, గదిలో ఎండ లేకపోయినా. మస్తాన్ నాకేసి చూశాడు. అంగడివాడు కదా, ఏదన్నా తెస్తాడన్నట్టు.

నేను నా జన్మలో అమ్మని సరుకు నీడ ఒక్కటే.

హజ్జా కొడుకు దగ్గరికి వెళ్ళాను. ఇంటి యజమాని అతనే కదా. కాఫీ తాగాను, కప్పు ఊపాను, అప్పుడు గుడారం మాట ఎత్తాను. నా దగ్గర సైనికుల కంట పడకుండా దాచిన బియ్యం ఉంది, పాలపొడి ఉంది, టీ ఉంది. అతనికి పెళ్ళాం పిల్లలున్నారు. తక్కువలో మొదలుపెట్టి, లేచి పోబోయి, మళ్ళీ కూర్చుని, పాలపొడి సగానికి తెగ్గొట్టాను. అంత బాధలో కూడా నాకు లోపల ఓ మూల హాయిగానే ఉంది. బియ్యం అతనికి చేరవేసి, మర్నాడు పొద్దున తోపుడుబండితో వెళ్ళాను.

హజ్జా గుడారంలో కూర్చుని ఉంది. మా అమ్మ సంగతి, మేకల సంగతి అయ్యాక, బండెందుకని అడిగింది. గుడారం కొన్నానని చెప్పాను.

"ఎవరికాడ?"

"నీ కొడుకు కాడ."

ఆమె కోప్పడలేదు. మోకాలి మీది ఇసుక దులుపుకుంది.

"వాడి కాడ ఇల్లుంది," అంది. "కావాలంటే ఇల్లు కొనుక్కో."

తలుపులేని గుమ్మంలో కొడుకు నిలబడి తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. ఆమె వాణ్ణి చూడకుండానే చెప్పింది. "వాడు దీంట్లో చుట్టం. మొగోళ్ళంతా దీంట్లో చుట్టాలే. నేసింది నేను, నాటేది నేను, పీకేది నేను. చుట్టాన్ని పట్టుకోని ఇంటికి బేరమాడినావే, హిందీ."

సరుకు ఎవరిదో తెలుసుకోకుండా ధర మాట్లాడడం మా ఇంట్లో పాలు తాగే పిల్లలు కూడా చేయరు. సర్కారు కూడా నాలాగే చేసిందని, ఇంటి మనిషిని వదిలేసి చుట్టానికి ఇల్లు రాసిచ్చిందని అక్కడే తట్టింది. ఆ పూటకు అది పనికొచ్చే తెలివి కాదు. పాలపొడి మిగతా సగం ఇస్తానన్నాను. చక్కెర ఇస్తానన్నాను. ఆమె విననే వినలేదు. గుడారం కింద ఉండబోయేది ఎవరని అడిగింది. చంటిబిడ్డని చెప్పాను. బిడ్డ నాటుతాడా అంది. మేం నాటుతామన్నాను. మీలో ఆడవాళ్ళు లేరా అంది.

వెనక్కి వచ్చి సక్కుబాయికి చెప్పాను. ఆమెకు నవ్వొచ్చినట్టుంది గానీ బయటికి రాలేదు.

"మా తాండాలో గూడా కాలనీ కట్టిచ్చినారన్నా. పట్టా మా నాయన పేరు మీద రాసినారు. మాయమ్మ గుడిసె పీకిచ్చి, ఇంట్లోకి పొమ్మన్యారు. ఆ ఇంటిని మా నాయన తాగేసినాడు. మాయమ్మకు అదీ ల్యా, ఇదీ ల్యా."

సక్కుబాయినీ మస్తాన్ భార్యనూ తీసుకెళ్ళాను. హజ్జా నన్ను గోడ దగ్గరికి పొమ్మంది. బిడ్డను ఎత్తుకుని అక్కడ నిలబడ్డాను. ఏ గుంజ ముందు పీకాలో, ఏ తాడు చివర వదలాలో ఆమె చెప్తోంది, వాళ్ళు చేస్తున్నారు. పీకాక మళ్ళీ నాటించింది. మళ్ళీ పీకించింది. సక్కుబాయి చేతులు ఆమె చేతుల కన్నా ముందు పోవడం మొదలయ్యేదాకా వదల్లేదు. అప్పుడు చుట్టి తాడు కట్టించింది. నేను మళ్ళీ ధర ఎత్తాను, అలవాటు.

"గుడారం అమ్మరు, కూతురికిస్తారు," అంది. సక్కుబాయికేసి చూపించింది. "దానికిస్తాండా. నీకు గాదు."

వాకిలి బోసిగా ఉంది. గుంజల గుంటలు మాత్రం ఉన్నాయి. ఆమె ఇంటివైపు తిరిగి, గోడను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఇప్పుడు ఎక్కడుంటావని నేను అడగలేదు.

"నీ మేకలకు కత్తెరేస్తావు గదా," అంది. "ఆ బొచ్చు నాకు తెచ్చియ్యి. నల్లది. నడిమి పట్టీకి సాలినంత. ముందు నడిమిది నేసుకుంటే, పక్కవి ఎట్లో వస్తాయి. ఈ గోడల్లో నేనెన్నాళ్ళుంటా?"

తెస్తానన్నాను. బేరమాడకుండా ఒప్పుకున్నది నా జన్మలో అదొక్కటే. నాకు మేకలు లేవని సక్కుబాయికి తెలుసు. గుడారం చుట్టను భుజానికెత్తుకుంటూ నాకేసి చూసింది.

సరిహద్దు ఇసుకలో మేం మగవాళ్ళం ఆడవాళ్ళను కూర్చోబెట్టి గుడారం నాటబోయాం. గాలికి అది మా నెత్తిన పడింది. సక్కుబాయి లేచి, జరుగన్నా అని ఒక్క మాట అని, నాటింది. మస్తాన్ భార్య, బిడ్డ, ఇంకా ఎవరెవరో బిడ్డలున్న ఆడవాళ్ళు లోపల చేరారు. మేం అంచుల దగ్గర కాళ్ళు ఎండలో పెట్టుకుని కూర్చున్నాం, చుట్టాల్లాగా. నడిమి పట్టీలోంచి ఎండ బిడ్డ మొహం మీద పడుతోంది. ఎటు జరిపినా వెతుక్కుంటూ వచ్చేది. సక్కుబాయి తన సంచిలోంచి పెళ్ళినాటి లంగా తీసింది, ఎర్రది, అద్దాలు కుట్టింది. దాని కుట్లు విప్పి, పొడవుగా చేసి, నడిమి పట్టీ మీద పెట్టి కుట్టింది. బిడ్డ బతికాడు. అంతకన్నా ఆ రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏం తిన్నామో, ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. పైన ఆ ఎరుపు గుర్తుంది.

మా వంతు బస్సు వచ్చినప్పుడు చేతిసంచి తప్ప ఏదీ ఎక్కించుకోం అన్నారు. అప్పుడే దిగిన సిలోన్ ఆడవాళ్ళు కొందరు ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకామె చెయ్యి పట్టుకుని సక్కుబాయి గుంజలు, తాళ్ళు, ఆ ఎర్ర పట్టీ చూపించింది. గుడారాన్ని అట్లాగే నిలబెట్టి వచ్చేశాం.

ఊళ్ళో కొన్నాళ్ళు నాయన అంగడిలో కూర్చున్నాను. కువైట్ మళ్ళీ తెరిచారని తెలిశాక సక్కుబాయి తాండాకు వెళ్ళాను. ఆమె వాళ్ళ మేకల్లో నల్లవాటిని పట్టి కత్తెర వేసింది. చుట్టూ చేరినవాళ్ళు, మేకబొచ్చు కువైట్‌కు తీసుకుపోయే షావుకారును చూసి నవ్వుకున్నారు. సంచి మూతి కుట్టి ఇస్తూ సక్కుబాయి, "నీ మేకలయ్యే అనుకో అన్నా, అబద్ధం గాకుండా పోతాది," అంది.

ఆ సంచితో కాలనీకి వెళ్ళాను. ఇంటికి తలుపుంది. కొత్త తలుపు, తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు తడిక సందులోంచి చెప్పారు. యుద్ధంలో కొడుకు హజ్జానూ పెళ్ళాం పిల్లల్నీ లారీలో ఎక్కించుకుని సరిహద్దు దాటాడు. తిరిగి వస్తుంటే కాగితాలు అడిగారు. లేవు. హజ్జా ఏ కాగితం మీదా ఎప్పుడూ లేదు. వెనక్కి పంపారు. ఎక్కడికని అడిగితే చేత్తో ఎడారి వైపు చూపించారు. చెయ్యి చూపించిన మేరంతా ఎడారే. మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగాను. కొన్నాళ్ళకు ఆ తడిక కూడా తీసి గోడ కట్టారు.

ఇప్పుడు సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్ కీపర్ని. సంచి అక్కడే పై అరలో ఉంది. కొత్త మేనేజరు వచ్చినప్పుడల్లా ఇదేం సరుకని అడుగుతాడు. పాడయ్యేది కాదులెమ్మని చెప్తాను.

మాల్‌లో గుడ్డ నలపడం ఆపి, వంగి లోపలికి దూరాను. ఫొటో దిగుతున్న పిల్లలు జరిగారు. తలెత్తి నడుమకు చూశాను. నల్లగానే ఉంది. అటూ ఇటూ పట్టీల్లాగే, కొత్తగా, నిండుగా. వెలుతురు రావడం లేదు.

"అన్నా, లోపలికి పోగూడదంట," అని వెనకనుంచి తెలుగు వినబడింది. సెక్యూరిటీ యూనిఫారంలో ఉన్న కడప వైపు మనిషి. నా మొహం చూసి ఎట్లా పోల్చాడో. "ఏం జూచ్చాండావు?"

నోటికి అలవాటైన మాటే వచ్చింది. ఇది ఎంతకిస్తారన్నాను.

అతను నవ్వాడు. "ఇది అమ్మేది గాదన్నా. అంతగా కావాలంటే ఓనర్ని అడగాల."

"ఓనరెవరు?"

"ఎవరో పెద్దాయనంట."

"ఆయనయ్యుండడులే," అని బయటికొచ్చాను.